అసలు రంగు

'వాడి అసలు రంగు బయటపడింది' అంటాం తెలుగులో. ఎవరినైనా మెచ్చుకోవడానికి ఈ మాట వాడగా మేం వినలేదు. అసలు రంగు ఎప్పుడూ చెడ్డదే అయి ఉంటుంది. పైకి కనిపించేది వేషమనీ, లోపల ఇంకోటి దాగి ఉందనీ, అదను చూసి అది బయటికొస్తుందనీ ఈ మాట వెనక ఒక గట్టి నమ్మకం. దీనికి జంటగా ఇంకో మాట ఉంది: 'ఊసరవెల్లిలా రంగులు మారుస్తాడు.' ఈ రెండు మాటల మధ్య పెరిగినవాళ్లం మేం. మారితే ఊసరవెల్లులం. మారకపోతే అసలు రంగు ఇంకా దాచుకున్నవాళ్లం.

రంగు మారడం తప్పా? మారే దానికి అసలు రంగనేది ఒకటుంటుందా? ఈ ప్రశ్నను మనుషుల దగ్గర మొదలుపెడితే రెండో వాక్యానికే గొంతులు లేస్తాయి. అందుకని పూల దగ్గర మొదలుపెడుతున్నాం. పూలకు కులమతాలు లేవని కాదు. వాటికీ అంటగట్టారని ముందు ముందు మీకే తెలుస్తుంది. పూల గురించైతే కాస్త నిదానంగా మాట్లాడుకోవచ్చని.

మా జేజి ఇంటి ముందు రాధామనోహరం పందిరి ఉండేది. నంద్యాలకు దగ్గర్లో నల్లరేగడి ఊరు. మట్టి మిద్దె. ముందు నాలుగు రాతి కూసాలు పాతి, పైన కట్టెలు పరిచి తీగను ఎక్కించింది జేజి. అది పందిరిని దాటి, మిద్దె మీదికి పాకి, పక్కింటి వేపచెట్టును కూడా పట్టుకుంది. ఎండాకాలం మేమంతా సెలవులకు చేరేవాళ్లం. సాయంత్రం మగ్రిబ్ వేళకు కొత్త మొగ్గలు విచ్చుకునేవి. విచ్చినప్పుడు తెలుపు. సన్నటి పొడవాటి కాడ చివర ఐదు రెక్కలు. వాసన వీధి మలుపు దాకా వచ్చేది. తెల్లారి చూస్తే అదే పువ్వు లేత గులాబీ. పొద్దెక్కే కొద్దీ ఇంకాస్త ముదిరేది. మూడోనాటికి ఎరుపు. మొదటి రాత్రి నిటారుగా, ఎదురుగా చూసిన పువ్వు ఎర్రబడేసరికి తల దించుకుని వేలాడేది. ఒకే గుత్తిలో తెల్లనివి, గులాబీవి, ఎర్రనివి కలిసి ఉండేవి. కొత్తగా వచ్చిన చుట్టాలు 'మూడు తీగలు కలిపి పెట్టినారా?' అని అడిగేవాళ్లు.

మాకూ అనుమానమే. ఒక వేసవి మేం పిల్లలం ఒక పరీక్ష పెట్టాం. సాయంత్రం అప్పుడే విచ్చిన తెల్లపువ్వు కాడకు జేజి పరుపులు కుట్టే దారం ముక్క కట్టాం. రాత్రి నిద్రలో కూడా అదే ధ్యాస. తెల్లారి దారం ఉన్న పువ్వు గులాబీ రంగులో ఉంది. మూడోరోజు దారం ఎర్రపువ్వుకు ఉంది. దారం లేకపోతే అది అదే పువ్వని మాకు తెలిసేది కాదు. పోటీలు పడి పరుగెత్తి జేజిని అడిగాం, 'జేజీ, దీని అసలు రంగు ఏది?' అని. ఆమె చేతిలో పని ఆపలేదు. 'మీరు ఏ పొద్దు జూసినారు?' అనింది.

ఆ మాటకు అప్పుడు నవ్వుకున్నాం. జవాబు చెప్పడం తెలీక తప్పించుకుందనుకున్నాం.

ఈ పువ్వుకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు పెద్దయ్యాక తెలిసింది. క్విస్‌క్వాలిస్. లాటిన్‌లో 'క్విస్' అంటే ఎవరు, 'క్వాలిస్' అంటే ఎలాంటిది. పువ్వు పేరే ఒక ప్రశ్న. దీని వెనక కథ ఉంది. పదిహేడో శతాబ్దంలో ఇండోనేషియాలోని అంబాన్ దీవిలో డచ్ కంపెనీ ఉద్యోగి రుంఫియస్ అక్కడి మొక్కలన్నిటి గురించీ రాస్తూ కూర్చున్నాడు. 1670లో చూపు పోయినా ఆ పని వదల్లేదు. ఈ తీగను మలయా భాషలో 'ఉదానీ' అంటారు. డచ్ చెవికి అది 'హుదానిహ్' అన్నట్టు వినిపించింది. డచ్‌లో ఆ మాటకు 'ఎలాంటిది' అని అర్థం. దాన్నే లాటిన్‌లోకి మార్చాడు. పెట్టినవాడికి సరదా కావచ్చు, ఆశ్చర్యం కావచ్చు. గడియకో రంగులో కనిపించే తీగకు ఆ పేరు అతికినట్టు సరిపోయింది. 1762లో లినేయస్ అదే పేరును ఖాయం చేసి వెనక 'ఇండికా' చేర్చాడు. ఎవరు? ఎలాంటిది? ఇండియాది. ఆ తర్వాత ఇది వేరే ప్రజాతిలోకి చెందుతుందని తేల్చారు. 1998 నుంచి దీని పేరు కాంబ్రెటమ్ ఇండికమ్. ప్రశ్న పోయింది, 'ఇండికమ్' మిగిలింది. ఇంగ్లీషువాడికి ఇది రంగూన్ క్రీపర్. హిందీలో మధుమాలతి. చైనాలో దీని గింజలు పిల్లల కడుపులో ఏలికపాములకు మందు. తెలుగులో రాధామనోహరం. తన వాకిట్లో రాధ పేరూ కృష్ణుడి పేరూ పందిరెక్కి కూర్చున్నాయని జేజికి ఎప్పుడూ తట్టలేదు. తట్టింది వచ్చినవాళ్లకే. 'మీ ఇండ్లల్లో కూడా ఈ తీగ పెడతారా?' అని ఒకాయన అడిగాడు. ఆయన మనసులో చెడు ఏమీ లేదు. మా ఇంట్లో మజ్జిగ కూడా తాగి వెళ్లాడు.

ఎవరు? ఎలాంటిది? ఈ ప్రశ్న మాకు లాటిన్‌లో కాదు, మంచి తెలుగులోనే వేశారు. మేం దూదేకులవాళ్లం. ఇంట్లో మాట్లాడేది తెలుగు. కలలొచ్చేది తెలుగులో. బళ్లో చేరినరోజు పంతులుగారు పేరు విని 'మీరు తెలుగోళ్లా, సాయిబులా?' అని అడిగారు. తెలుగులోనే అడిగారు, తెలుగులోనే జవాబు చెప్పాం. తెలుగోళ్లు అంటే సాయిబులు కానివాళ్లని ఆ రోజు తెలిసింది. పట్నం వెళ్లాక ఇంకో వైపు నుంచి అదే ప్రశ్న. ఉర్దూ రాదా? ఇంట్లో మాట్లాడరా? పెళ్లిలో తాళి కడతారట గదా? మీరు అసలు ముసల్మానులేనా? అక్కడా 'అసలు' అనే మాటే. రెండు వైపులా రెండు తూకపురాళ్లు పట్టుకుని ఉన్నారు, తక్కెడ మాత్రం ఒకటే. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ అచ్చువేసిన దక్షిణాది కులాల సంపుటాల్లోనూ మా పేరుతో ఒక పద్దు ఉంది. మా ఆచారాల్లో ఏది అటుది, ఏది ఇటుది అని ఏరి పెట్టడమే అందులో ముఖ్యమైన పని. పువ్వును మూడోరోజు చూసి, ఇందులో ఎంత తెలుపు, ఎంత ఎరుపు అని విడదీసి కాగితం మీద రాసుకున్నట్టు.

దూదేకులవాళ్లం గనుక పత్తిపువ్వు గురించి చెప్పకుండా ముందుకు పోలేం. పత్తిని ఎవరూ తోటపువ్వుగా లెక్కపెట్టరు. మందార కుటుంబానికే చెందినదైనా జడలోకి ఎక్కదు, పటానికీ ఎక్కదు. కానీ రంగు మారే పూలలో దాన్ని మించింది లేదు. ఇప్పుడు మా వైపు పొలాల్లో ఉన్నది అమెరికా జాతి పత్తి. పొద్దున విచ్చినప్పుడు మీగడ రంగు. ఆ సాయంత్రానికే అంచుల్లో గులాబీ జీర. మర్నాటికి పూర్తిగా ఎర్రబడి ముడుచుకుంటుంది. ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో వాడి రాలిపోతుంది. అది రాలిన చోట చిన్న కాయ ఉంటుంది. పొద్దున్నే చేనుకు పోయినవాడికి ఒకే చెట్టు మీద నిన్నటిదీ ఇవాళటిదీ పక్కపక్కనే కనిపిస్తాయి. ఏ పువ్వు ఏ రోజుదో రంగు చూసి చెప్పొచ్చు. జేజి చిన్నప్పుడు ఇదే నేలలో దేశవాళీ పత్తి. దాని పువ్వు పసుపు, గుండెలో ముదురెరుపు మచ్చ. 1970లో గుజరాత్ నుంచి మొదటి సంకర పత్తి హెచ్-4 వచ్చింది. 2002లో బీటీ పత్తి వచ్చింది. చేనంతా మీగడ రంగుకు తిరిగింది. పూట పూటకూ మారే పువ్వును పెట్టుకున్న చేను, తరానికోసారి తను కూడా మారింది. 'అసలైన పత్తి ఏది?' అని ఏ రైతూ కూర్చుని బాధపడగా చూడలేదు. అప్పుల గురించి బాధపడటం చూశాం.

ఇంకో సంగతి. తెల్లదనానికి పోలిక చెప్పాలంటే దూదిని చెబుతాం. మచ్చలేని తెలుపు. కానీ ఆ తెలుపు ఎర్రబడిన పువ్వు రాలిపోయాక, కాయ కట్టి, నెలన్నర పైన ఎండకు ముదిరి పగిలితే వచ్చేది. అది మొదటి తెలుపు కాదు. మీగడ రంగూ, గులాబీ, ఎరుపూ, కాయ ఆకుపచ్చా అన్నీ దాటొచ్చిన తెలుపు. మా తాతలు భుజాన పెద్ద విల్లు వేసుకుని ఊరూరా తిరిగి ఏకింది ఆ తెలుపునే. విల్లు నారిని కొడుతుంటే దూది లేచి గాల్లో తేలేది, వాళ్ల మీసాలూ కనురెప్పలూ తెల్లబడేవి. ఆ విల్లులు మిషన్లు వచ్చాక అటకెక్కాయి. ఇప్పుడు పరుపులు కూడా దూదివి కావు. పేరు మాత్రం మిగిలింది. ఏకని దూదికి ఏకులవాళ్లం.

పువ్వు ఎందుకు రంగు మారుతుంది? వయసైపోయి, వాడిపోతోంది గనుక అనుకుంటాం. అది కాదు. వాడటం వేరు, ఇది వేరు. ఎరుపును పువ్వు తనలోపల కొత్తగా తయారుచేసుకుంటుంది. ఆంథోసయనిన్లు అనే వర్ణకాలు అవి. దానికి పని కావాలి, శక్తి కావాలి. చచ్చిపోతున్నవాళ్లు చేసే పని కాదది. మరి రేపోమాపో రాలిపోయే పువ్వుకు ఈ శ్రమ దేనికి?

దీనికి జవాబు దొరికే చోటు మీరు రోజూ బస్సు కిటికీలోంచి చూస్తూనే ఉంటారు. కంచెల మీద, రైలు కట్టల పక్కన, ఆకు నలిపితే ఘాటు వాసన కొట్టే లాంటానా. దక్షిణ అమెరికా నుంచి పందొమ్మిదో శతాబ్దం మొదట్లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు అలంకారం కోసం తెచ్చారు. ఇప్పుడు అడవుల్ని కమ్మేసి అటవీశాఖకు తలనొప్పి అయింది. (పరాయి మొక్క, కలుపు మొక్క, పీకేయాలి అనే భాషను కొందరు మనుషుల మీద వాడటం మనకు తెలుసు. లాంటానాను పీకాల్సిన చోట పీకాల్సిందే. కానీ మొక్క నుంచి మనిషికి ఆ మాటను మోసుకుపోయేవాడి చేతిలో గొడ్డలి ఉందేమో చూసుకోవాలి. ఆ మాటకొస్తే ఈ వ్యాసంలో మేం చేస్తున్నదీ మోతే. అందుకే మెల్లగా నడుస్తున్నాం.)

లాంటానా గుత్తిలో మధ్య పూలు పసుపు, అంచు పూలు నారింజ, ఎరుపు. బ్రెజిల్లో ఉండిన ఫ్రిట్జ్ ముల్లర్ దీన్ని రోజుల తరబడి చూసి డార్విన్‌కు ఉత్తరం రాశాడు. అది 1877లో 'నేచర్' పత్రికలో వచ్చింది. సీతాకోకచిలుకలు పసుపు పూల మీదే ఎక్కువ వాలుతున్నాయి, రంగు తిరిగిన వాటిని వదిలేస్తున్నాయి అని. వందేళ్ల తర్వాత 1978లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో మాథుర్, మోహన్‌రామ్ మన దేశపు లాంటానాను చూశారు. ఇక్కడ పుప్పొడి మోసేవి తామర పురుగులు. మిరప రైతు తిట్టుకునే ఆ తామర పురుగులే. అవీ పసుపు పూలనే కోరుకుంటున్నాయి. పుప్పొడి అందడమే పువ్వు రంగు తిరగడానికి మొదలని కూడా వాళ్ల పరిశోధనలు చెప్పాయి. 1991లో అమెరికాకు చెందిన మార్తా వైస్ ఈ సంగతులన్నిటినీ ఒక చోటికి తెచ్చింది. రంగు మారే పూలు డెబ్బైకి పైగా మొక్కల కుటుంబాల్లో ఉన్నాయి. తేనె ఉన్న పువ్వుది ఒక రంగు, తేనె అయిపోయిన పువ్వుది ఇంకో రంగు. దూరాన్నుంచి గుత్తి నిండుగా కనిపించడానికి పాత పూలూ ఉండాలి. దగ్గరికొచ్చిన పురుగు మోసపోకుండా ఉండటానికి రంగు తేడా ఉండాలి.

ఈ సంగతి చదివినరోజు మేం చాలాసేపు పుస్తకం మూయలేదు. ఇన్నాళ్లూ రంగు మారడమంటే మోసమని మాకు చెప్పారు. ఇక్కడ రంగు మారడమే నిజం చెప్పడం. నా దగ్గర ఇప్పుడు తేనె లేదు, పక్కదాని దగ్గరికి వెళ్లు అని పువ్వు చెబుతోంది. తేనె అయిపోయాక కూడా పసుపుగానే ఉండిపోయిన పువ్వు ఉంటే అదే అబద్ధం ఆడుతున్నట్టు. రంగు నిలబెట్టుకోవడమే నిజాయితీ అనే లెక్క తలకిందులైంది. పైగా తేనె లేని ఎర్రపువ్వును మొక్క వెంటనే రాల్చెయ్యదు. గుత్తికి అది కావాలి. దూరపు చూపుకు కనిపించేది దానివల్లే.

మా ఇంట్లో ఎన్ని రంగులు తిరిగాయో లెక్క పెట్టుకున్నాం. జేజి చీర కట్టు, నుదుట బొట్టు లేదు, మొహర్రంలో పీర్లకు మొక్కు. అమ్మ తరంలో నమాజు వచ్చింది, పీర్లు పోయాయి. మా తరంలో కొందరు ఉర్దూ నేర్చుకున్నారు, కొందరు పార్టీల్లో తిరిగి ఏ నమాజూ లేకుండా పోయారు. మా పిల్లల్లో ఒకమ్మాయి బురఖా వేసుకుంటుంది, దాని చెల్లెలు జీన్స్ వేసుకుంటుంది. ఇద్దరూ ఒకే మంచం మీద పడుకుని ఒకే ఫోన్ చూసుకుంటారు. బయటినుంచి చూసేవాడికి ఇది రంగులు మార్చడం. వీళ్లలో ఎవరు అసలు, ఎవరు నకిలీ అని అడుగుతాడు. వాళ్లు ఏ పొద్దు జూసినారు అనాలనిపిస్తుంది.

ఇక్కడ సెక్యులర్ మిత్రులు అడ్డు తగులుతారని తెలుసు. 'మరి మతం వైపు తిరిగిన రంగు కూడా నిజమేనా? వెనక్కి పోవడాన్ని కూడా ఎదుగుదలంటారా?' అని. ధార్మిక మిత్రులూ అడుగుతారు, 'దీన్ మారేది కాదు గదా, మీరు మార్పును ఎలా మెచ్చుకుంటారు?' అని. ఇద్దరికీ ఒకటే గుర్తుచేస్తాం. ఈ వాదన కొత్తది కాదు, మన పెద్దలు వెయ్యేళ్ల కిందటే కొట్టుకున్నారు. పదో శతాబ్దంలో బస్రా, బాగ్దాద్‌లలో అష్అరీ, ఆయన దారిలో నడిచినవాళ్లు వస్తువుకూ దాని గుణానికీ తేడా చెబుతూ గుణానికి ఉదాహరణగా రంగునే తీసుకున్నారు. ఏ గుణమూ రెండు క్షణాలు నిలవదన్నారు. ప్రతి క్షణమూ అల్లా దాన్ని మళ్లీ సృష్టిస్తాడు కాబట్టే అది నిలిచినట్టు కనిపిస్తుందన్నారు. అంటే వాళ్ల లెక్కలో రాయి నలుపు కూడా ప్రతి క్షణం కొత్త నలుపే. పదిహేడో శతాబ్దంలో షిరాజ్‌కు చెందిన ముల్లా సద్రా ఇంకో అడుగు ముందుకేశాడు. మారేది పై గుణం ఒక్కటే కాదు, వస్తువు సారమే కదులుతూ ఉంటుందన్నాడు. ఇటు మిళింద రాజుకు నాగసేనుడు రాత్రంతా వెలిగే దీపాన్ని చూపించాడు. మొదటి జాముదీ చివరి జాముదీ ఒకే మంట కాదు, వేర్వేరు మంటలూ కాదు. వీళ్లెవరూ ఒకరితో ఒకరు ఒప్పుకోరు. కానీ మారడాన్ని నేరమని వీళ్లలో ఎవరూ అనలేదు.

మాకు నచ్చని చోటు కూడా ఒకటుంది. దీపం గురించి మాట్లాడేవాళ్లు మా దారం సంగతి మాట్లాడరు. మూడురోజుల పువ్వు ఒకటేనని మాకు చెప్పింది మేం కట్టిన దారమే. మనిషికి కూడా పేరని, ఊరని, జ్ఞాపకమని ఏదో దారం ఉంటుంది. సర్కారూ ఒకటి కట్టింది. బి.సి.-బి అని కాగితం మీద రాసి దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా అని నాలుగు పేర్లు పెట్టింది. 2007లో ఇంకొన్ని ముస్లిం కులాలకు బి.సి.-ఇ దారం కట్టింది. దారాలతో మాకు పేచీ లేదు, వాటివల్ల మా పిల్లలకు సీట్లొచ్చాయి. పేచీ ఎక్కడంటే, దారాన్నే పువ్వనుకునేవాళ్లతో. మెడకు బిగించి కట్టేవాళ్లతో.

మార్పునంతా మెచ్చుకోవాలనీ మేం అనడం లేదు. పూల మార్కెట్‌కు పొద్దున్నే వెళ్లి చూడండి. రంగునీళ్ల బకెట్లో లిల్లీపూలను ముంచి తీస్తుంటారు. తెల్లవి నీలంగా, ఆకుపచ్చగా తేలతాయి. పెళ్లి వేదికకు ఏ రంగు కావాలంటే ఆ రంగు. ఇంటికొచ్చేసరికి చేతులకు అంటుకుంటుంది. ఊటీలో హైడ్రాంజియా చూసే ఉంటారు. దాని వ్యవహారం ఇంకా లోతు. మట్టి పుల్లగా ఉంటే అందులోని అల్యూమినియం వేళ్లగుండా ఎక్కి పువ్వు నీలమవుతుంది. సున్నం కలిపితే గులాబీకి తిరుగుతుంది. తోటమాలి తన ఇష్టప్రకారం మట్టి మార్చి పువ్వును మార్చగలడు. పువ్వుకు అది తన రంగే అనిపిస్తుంది కూడా. మాకు జరిగిన మార్పుల్లో ఏవి రాధామనోహరానివి, ఏవి హైడ్రాంజియావి, ఏవి బకెట్లోవి? 1992 డిసెంబర్ తర్వాత మా ఊళ్లలో పీర్ల పండక్కి ఇరువైపుల నుంచీ జనం తగ్గారు. అది మా లోపల ముదిరిన రంగా, మా వేళ్ల దగ్గర ఎవరో పోసిన సున్నమా? నిజం చెప్పాలంటే రెండూ కలిసే ఉన్నాయి. దేనిపాలు ఎంతో విడదీయబోతే మేమూ థర్‌స్టన్‌లమవుతాం. విడదీయకపోతే పోసినవాడు తప్పించుకుంటాడు. ఈ ఇరుకులోనే ఉన్నాం.

రంగు తెచ్చుకోవడం ఒకటే కాదు, వదులుకుంటూ పోయే పూలూ ఉన్నాయి. బ్రున్‌ఫెల్సియా అని బ్రెజిల్ మొక్క. మన నర్సరీల్లో 'నిన్న-నేడు-రేపు' అంటే ఇస్తారు. ఊదారంగులో విచ్చి, లేత ఊదాకు తగ్గి, తెల్లబడుతుంది. మా నాన్న తరంలో ఎర్రజెండా పట్టుకున్న కొందరిని అది గుర్తుచేస్తుంది. అంతకంటే వాళ్ల గురించి ఇక్కడ చెప్పం, వాళ్లు మా బంధువులు.

అన్నిటికంటే మమ్మల్ని వెంటాడే పువ్వు వేరే. మందార జాతిదే, పేరు హైబిస్కస్ ముటాబిలిస్. 'మారేది' అనే పేరు పెట్టింది కూడా లినేయసే, 1753లో. దక్షిణ చైనా మొక్క. బెంగాలీలు స్థలపద్మం అంటారు, నేలమీది తామర. ఉర్దూలో గుల్-ఎ-అజాయిబ్, వింతల పువ్వు. ఆకులు పత్తి ఆకుల్లా ఉంటాయని ఇంగ్లీషులో కాటన్ రోజ్ అన్నారు. మళ్లీ పత్తే, మమ్మల్ని వదలదు. ఫజర్‌కు తెలుపు, జొహర్‌కు గులాబీ, మగ్రిబ్‌కు ముదురెరుపు. ఒక్క పగట్లో అన్నీ అయిపోతాయి. చలికాలమైతే నెమ్మదిగా తిరుగుతుంది. ఈ తెల్లపువ్వును కోసి ఫ్రిజ్‌లో పెడితే తెల్లగానే ఉంటుంది. బయటికి తీస్తే మెల్లగా గులాబీ రంగు ఎక్కడం మొదలవుతుంది.

ఆ ఫ్రిజ్ తలుపు దగ్గర చాలామంది నిలబడి ఉన్నారు. మా పీర్ల చావిడినీ, మా జేజి మొక్కులనూ చూసి 'ఎంత చక్కటి కలగలుపు సంస్కృతి, మీరు అలాగే ఉండాలి' అని కళ్లు చెమర్చే పెద్దమనుషులు ఒకరు. వాళ్లకు మేం గత కాలపు తెల్లపువ్వులం. మేం నమాజుకు పోతే వాళ్ల మనసు నొచ్చుకుంటుంది. మదీనా వీధుల్లోని తెలుపు ఒక్కటే తెలుపు, మధ్యలో ఎక్కిన రంగులన్నీ కడిగేసుకోండి అనేవాళ్లు ఇంకొకరు. మీరు వెయ్యేళ్ల కిందట ఏదో అయి ఉన్నారు, ఆ రంగుకు తిరిగి రండి అనేవాళ్లు మూడోవాళ్లు. ముగ్గురికీ ఒకరంటే ఒకరికి పడదు. ముగ్గురి చేతుల్లోనూ ఉన్నది అదే ఫ్రిజ్. పువ్వును ప్రేమించకపోతే ఎవరూ ఫ్రిజ్‌లో పెట్టరు, అది ఒప్పుకుంటాం. ప్రేమతోనే తలుపు మూస్తారు.

ఊసరవెల్లి గురించి ఒక మాట బాకీ ఉన్నాం. చుట్టూ ఉన్నదాన్ని బట్టి దాక్కోవడానికే రంగు మారుస్తుందని దాన్ని ఆడిపోసుకుంటాం గానీ, కోపానికీ, ఎండకూ, పోటీకీ, జతకూ కూడా అది రంగు మారుస్తుంది. దాని మాటలు అవి. అయినా పువ్వుకూ దానికీ ఒక తేడా ఉంది. ఊసరవెల్లి సాయంత్రానికి పొద్దుటి రంగుకు తిరిగి రాగలదు. పువ్వు రాలేదు. ఎర్రబడిన రాధామనోహరాన్ని ఎంత బతిమాలినా మళ్లీ తెల్లబడదు. మమ్మల్ని ఊసరవెల్లి అన్నవాళ్లు ఈ తేడా చూడలేదు. మాకు వెనక్కి పోయే వెసులుబాటు ఎప్పుడూ లేదు.

జేజి పోయి చాలా ఏళ్లయింది. ఆ ఊరు 2022 నుంచి కొత్త నంద్యాల జిల్లాలో ఉంది. మిద్దె పడగొట్టి స్లాబు వేశారు. కూసాలు రెండు మిగిలాయి. తీగను కొట్టేసినా వేళ్ల నుంచి పిలకలొచ్చి గోడ పట్టుకుంది. పోయిన వేసవిలో మా ఇంట్లో అందరికంటే చిన్నపిల్లకు మేం దారం కథ చెప్పాం. అది వెంటనే ఒక మొగ్గకు ఎర్రదారం కట్టేసింది. ఎర్రదారం వద్దు, మూడోరోజు కనపడదని చెప్పి నల్లది కట్టించాం. మూడు సాయంత్రాలూ ఒకే చోట నిలబడి ఫోన్లో ఫొటో తీసింది. మూడింటినీ కుటుంబం గ్రూపులో పెట్టింది. దుబాయ్‌లో ఉన్న మేనమామ అడిగాడు, 'మూడు రకాలూ మనింట్లోవేనా?' అని. ఆ పిల్ల జవాబు రాయకుండా, మూడు ఫొటోల్లోనూ నల్లదారం మీద గుండ్రంగా గీత గీసి మళ్లీ పంపింది.